మా బాక్సు వైపే తిరిగిన బాణం

మేం పెట్టిన అన్నం తిని మనుషులు చిక్కిపోయారు. నవ్వకండి, నిజం. అన్నంలో లోపమేమీ లేదు. దాన్ని కొలిచి, లెక్కగట్టి, రుచి చూసి పంపింది నేనే కాబట్టి ఆ మాట ఎక్కడైనా గట్టిగా చెప్పగలను. మంచి అన్నం తిని మనిషి ఎలా చిక్కిపోతాడో తెలిసిన రోజు నా ఉద్యోగం మొత్తంలోకీ గొప్ప రోజు. పోషకాహారం చదువుకునే పిల్లలకి ఈ సంగతి చెప్పేటప్పుడు రిటైరైన మనిషినన్న సంగతే మరిచిపోతాను. కుర్చీలోంచి లేచి నిలబడి, చేతులు తిప్పుతూ చెబుతాను. కాగితం మీద చేతులు తిప్పడం కుదరదు గనక ఆ ముక్క మీరే ఊహించుకోండి.

మాది గోదావరి జిల్లా. పెళ్ళయి సింగపూర్ వచ్చాక ఆస్పత్రి వార్డుల్లో డైటీషియన్‌గా చాలా ఏళ్ళు పనిచేశాను. సర్వీసు చివర్లో, ముసలివాళ్ళ తిండి సంగతి చూసే ఒక సంస్థలో చేరాను. ఆంగ్ మో కియోలో కొన్ని పాత బ్లాకులు మాకు అప్పగించారు. చాలా ఫ్లాట్లలో పెద్దవాళ్ళు ఒంటరిగా ఉండేవారు. కొందరు టీ బిస్కెట్లతో రోజు వెళ్ళదీసేవారు. కొందరు రోడ్డవతల హాకర్ సెంటర్‌కి, అంటే ఒకే కప్పు కింద బోలెడన్ని చిన్న చిన్న తిండి దుకాణాలుండే చోటికి, వెళ్ళి తినేవారు. ఒంట్లో కండ కరిగితే కాళ్ళలో బలం పోతుంది. బలం పోతే ఒకరోజు బాత్‌రూమ్‌లో పడతారు. అక్కణ్ణించి ఆస్పత్రి, ఆస్పత్రినించి నర్సింగ్ హోమ్. ఈ వరస నాకు వార్డుల్లోనే కంఠతా వచ్చేసింది.

అందుకని మేం భోజనం బాక్సు మొదలుపెట్టాం. ఒంటరిగా ఉన్న ప్రతి మనిషికీ మధ్యాహ్నం ఒక వేడి బాక్సు, ఉచితం. అబ్బ, ఆ బాక్సు! చేప గానీ గుడ్డు గానీ టోఫూ గానీ తప్పకుండా ఉండాలి, ముక్క మెత్తగా ఉండాలి, ఉప్పు తక్కువ కావాలి, రుచి తగ్గకూడదు. వంటవాళ్ళ ప్రాణాలు తోడేశాను. వేడన్నం ఎండలో పాడవకూడదని ఒక నియమం కూడా పెట్టాను. బ్లాకు కింద ఉండే ఖాళీ హాల్లో, ఇక్కడ దాన్ని వాయిడ్ డెక్ అంటారు, ఎవరి బాక్సు వాళ్ళే స్వయంగా వచ్చి తీసుకోవాలి. రాకపోతే అది వరసలో తరవాతివాళ్ళకి వెళ్ళిపోతుంది. నిలబడలేరు పాపం అని కుర్చీలు కూడా వేయించాం.

ఇక్కడే సింగపూర్ వాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యని పని ఒకటి జరిగింది. ఈ ఊళ్ళో హాకర్ సెంటర్‌కి వెళ్తే ముందు బల్ల మీద ఒక టిష్యూ ప్యాకెట్టో, గొడుగో పెట్టేసి ఆ తరవాత తిండి కొనుక్కోవడానికి వెళ్తారు. దాన్ని చోప్ చెయ్యడం అంటారు. టిష్యూ ప్యాకెట్టున్న బల్ల జోలికి ఎవడూ పోడు. మా తాతలూ అవ్వలూ మా కుర్చీల్ని కూడా అలాగే పొద్దున్నే వచ్చి చోప్ చెయ్యడం మొదలెట్టారు. అయితే ఉచితంగా వచ్చేది చెయ్యి జారిపోతుందేమోనన్న భయంతో టిష్యూ ప్యాకెట్టుని కూడా నమ్మలేకపోయారు. ప్యాకెట్టు పెట్టి, దాని పక్కనే తామూ కూర్చుని కాపలా కాసేవారు.

మేమేం చేశాం? పొద్దున్నే నిండిపోయిన ఆ కుర్చీల్ని ఫొటోలు తీసి, మా సమావేశాల్లో తెర మీద వేసి చంకలు గుద్దుకున్నాం. నెలనెలా బాక్సు కావాలనేవాళ్ళు పెరుగుతున్నారు. మా పెద్ద మేడమ్, ఆవిడ ఇక్కడి చైనీసావిడ, మాట కటువు, మనసు వెన్న, ఆ లెక్క గీత తెర మీద పైకి పాకడం చూసి "బాగుంది లా! చాలా బాగుంది!" అని బల్ల చరిచేది. మాట చివర "లా" తగిలించడం ఇక్కడివాళ్ళ అలవాటు. నాకైతే కాళ్ళు నేల మీద ఆనేవి కావు.

ఆ తరవాత బరువులు తూచాం.

చాలామందికి తగ్గింది. యంత్రం చెడిపోయిందేమో అని ఇంకో యంత్రం తెప్పించాను. అదీ అదే మాట చెప్పింది. అందరికంటే ఎక్కువ తగ్గింది మెకానిక్ అంకుల్‌కి. ఆయన మన తెలుగాయనే. ముత్తాతల కాలంలో ఉత్తరాంధ్రనించి మలయా రబ్బరు తోటలకి వచ్చిన కుటుంబం. ఆయన ఇక్కడ బస్సుల డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. భార్య పోయాక ఒక్కడే ఉంటున్నాడు. తెలుగులో తమిళం, మలయ్ కలిపి మాట్లాడతాడు. నేను కనబడితే చాలు, "ఏం పాపా, మకాన్ అయిందా?" అంటాడు. భోజనం అయిందా అని అడగడం అన్నమాట. అలా అందరి తిండీ విచారించే మనిషి పంటులానికి తాడు బిగించుకుని తిరుగుతున్నాడు.

ఆయనకి ఒక్కతే కూతురు. రాఫెల్స్ ప్లేస్‌లో బ్యాంకు ఉద్యోగం, కాపురం ఊరికి ఆ చివర యూ టీలో. ఆ రోజు ఆవిడ కూడా వచ్చి నన్ను పక్కకి పిలిచింది.

"ఆంటీ, డాక్టర్ చెప్పేశారు. నెక్స్ట్ రివ్యూకి ఇంకా తగ్గితే ఒక్కడే ఉండకూడదంట. నర్సింగ్ హోమ్‌లో పేరు ఇచ్చేశాను. ఐ యామ్ నాట్ హార్ట్‌లెస్, ఓకే? ఆయన బాత్‌రూమ్‌లో పడితే యూ టీనించి నేను వచ్చేసరికి ఏమవుతుంది? మీరే చెప్పండి."

వార్డుల్లో చూసిన వరసంతా నా కళ్ళముందు తిరిగింది. అంకుల్ అవతల కుర్చీలోంచి ఇటే చూస్తున్నాడు. కూతురు వెళ్ళాక నెమ్మదిగా దగ్గరికొచ్చాడు.

"పాపా, మా అమ్మాయికి చెప్పు. నేను ఆ హోమ్‌కి పోను. మా ఆవిడ ఉన్న ఇల్లు ఇది. నేను తింటానే ఉన్నాను కదా? నువ్విచ్చిన సాపాడు వదలకుండా తింటాను. ఒళ్ళు మాత్రం నిలవడం లేదు. రొంబ సుసా పాపా."

రొంబ సుసా అంటే చాలా కష్టం. ఒకటి తమిళం ముక్క, ఇంకోటి మలయ్ ముక్క. నవ్వొచ్చే మాటే గానీ నాకు ఆ రోజు ఏడుపొచ్చింది. రివ్యూకి వ్యవధి పెద్దగా లేదు.

మర్నాడు మా ఆఫీసులో సమావేశం. అందరం బుర్రలు గోక్కున్నాం. మేడమ్ బాక్సు పెద్దది చేద్దామంది. నేను మాంసకృత్తులు చాలడం లేదు, పాలపొడి కలుపుదాం అన్నాను. సాయంత్రానికి కూడా ఒక బాక్సు ఇద్దామన్నారు ఇంకెవరో. చివర్న ఒక అమ్మాయి కూర్చుంది. కరీంనగర్ పిల్ల, ఇక్కడ యూనివర్సిటీలో పరిశోధన చేస్తూ మా దగ్గర పనికి వచ్చింది. ఒక సమస్యలో ఏది దేన్ని లాగుతోందో బాణాలు వేసి చూడడం ఆ పిల్ల చదువు. సిస్టమ్స్ థింకింగ్ అంటారు. ఆ పిల్ల గీసిన బొమ్మల్ని నేను అంతకు ముందు "నూడుల్స్ బొమ్మలు" అని ఏడిపించేదాన్ని.

ఆ పిల్ల నాతో తెలుగులోనే అంది. "మేడమ్, మీరందరు గీసేది సీదా గీత. బాక్స్‌ల నుంచి నోట్లెకు, నోట్లకెళ్లి ఒంట్లెకు, గంతే. నడుమల మనిషి ఏడున్నడు? గీ బాక్స్ రాకముందు అంకుల్ పొద్దుగాల ఏం చేస్తుండె?"

"ఏం చేసేవాడో నాకేం తెలుసే!"

"గదే కదా మేడమ్."

ఆయన బరువు తెలుసు, రక్తంలో చక్కెర తెలుసు, పళ్ళెన్నున్నాయో తెలుసు. పొద్దున్న ఏం చేసేవాడో తెలీదు. మేడమ్ మాత్రం, "పిల్లా, నాకు బొమ్మలొద్దు లా. బాక్సు పెద్దది చెయ్యాలా, రెండివ్వాలా? అదొక్కటి చెప్పు" అంది. రివ్యూ దగ్గరపడుతోందని ఆవిడ గాభరా ఆవిడది. ఎలాగో బతిమాలి, బాక్సు మార్చే ముందు ఒక్క పూట వాయిడ్ డెక్‌లో అందర్నీ కూర్చోబెట్టి మాట్లాడేందుకు ఒప్పించాను. నమ్మి కాదు, ఆ పిల్ల మొహం చూసి ఒప్పించాను.

ఆ పూట గురించి చెప్పాలి. ఇప్పుడు తలుచుకున్నా ఒళ్ళు జలదరిస్తుంది!

శనివారం పొద్దున. మేడమ్ వచ్చింది. అంకుల్, ఆయన కూతురు, బాక్సులు తీసుకునే తాతలూ అవ్వలూ ఓ గుంపు. హాకర్ సెంటర్‌లో చేపముక్కల గంజి అమ్మే చైనీస్ ఆంటీని కూడా బతిమాలి పిలుచుకొచ్చాం. ఆవిడ చేతులు కట్టుకుని మమ్మల్ని మింగేసేలా చూస్తూ నిలబడింది. మా కరీంనగర్ పిల్ల మిగిలిపోయిన బాక్సు మూతలు ఒక గుట్ట, మందపాటి మార్కరు, ఇంటికి రంగులేసేవాళ్ళు అంటించే కాగితం టేపు తెచ్చింది. ఒక్కో మూత మీద ఒక్కో మాట రాసి నేల మీద పెట్టడం, ఒకదాన్నించి ఇంకోదానికి టేపుతో బాణం అంటించడం, అదీ ఆట. అడిగేది ఒక్కటే ప్రశ్న: "ఇది పెరిగితే ఏం పెరుగుతది? ఏం తగ్గుతది?" దాన్ని ఒకళ్ళు మాండరిన్‌లోకి, ఒకళ్ళు మలయ్‌లోకి తిప్పి చెబుతున్నారు. సంతలా ఉంది హాలు.

మొదటి మూత 'బాక్సు తీసుకునేవాళ్ళు'. ఇది పెరిగితే ఏం పెరుగుతుంది? "కొట్లాట!" అని ఒక అవ్వ అరిచింది. అందరూ నవ్వారు. "కుర్చీ కోసం తెల్లారగానే రావాలి" అన్నాడు ఇంకో తాత. 'కుర్చీ దగ్గర కాపలా' అని మూత పడింది. కాపలా పెరిగితే ఏం తగ్గుతుంది?

అంకుల్ లేచాడు. "నడక. నేను ముందు రోజూ ఓవర్‌హెడ్ బ్రిడ్జి ఎక్కి దిగి హాకర్ సెంటర్‌కి పోయేవాణ్ణి. అక్కడ మాది నలుగురి బల్ల. గంజి తెచ్చుకుని, ఒకడు తోసై, అదే దోసె, తెస్తే తుంచుకుని, ఇంకొకడు గుడ్డు తెస్తే లాక్కుని తినేవాళ్ళం. పోయేటప్పుడు రాత్రికి ఒక పొట్లం కట్టించుకునేవాణ్ణి. ఇప్పుడు ఏది పోవడం? కుర్చీ ఎవరు చూస్తారు?"

"మరి బాక్సు ఎక్కడ తింటున్నారు అంకుల్?" అన్నాను.

"ఇంట్లో. టీవీ ముందు. సగం మధ్యాహ్నం, సగం రాత్రి."

మూతలు టపటపా పడ్డాయి. నడక తగ్గితే ఆకలి తగ్గింది. బల్ల దగ్గర నలుగురూ లేకపోతే తినేది తగ్గింది. పొద్దున్న గంజి పోయింది, రాత్రి పొట్లం పోయింది. మేమిచ్చింది ఒక పూట. దాంతో పోయింది రెండు పూటలు, ఒక నడక, ముగ్గురు మనుషులు. కూతురు తండ్రి వైపు తిరిగి, "డాడ్, మీరు మార్నింగ్ తినడం మానేశారా? నాకెందుకు చెప్పలేదు?" అంది. "నువ్వు బాక్స్ వస్తోందా అనే అడిగావు, వస్తోంది అని చెప్పాను" అన్నాడాయన.

ఇంతవరకూ నాకు బాధగానే ఉంది. అసలు సంగతి ఆ తరవాత మొదలైంది. గంజి ఆంటీ ఒక్కసారి నోరు విప్పింది. మెట్రో స్టేషన్ పక్కన కొత్త మాల్ వచ్చి తన పొద్దుటి బేరం తినేసిందని ఆవిడ గట్టి నమ్మకం. బేరం లేక పొద్దున్న దుకాణం తెరవడం మానేసిందట, మధ్యాహ్నమే తీస్తోందట. అద్దె కట్టలేక పూర్తిగా మూసేద్దామా అని కూడా చూస్తోందట. వెంటనే ఒక అవ్వ లేచి, "చూశారా! ఈవిడ పొద్దున్న మూసేసింది గనకే నేను బాక్సు వరసలోకి వచ్చాను" అంది. గంజి ఆంటీకి కోపం నషాళానికి అంటింది. "మీరు రావడం మానేశారు గనకే నేను మూశాను లా!"

"ముందు నువ్వు మూశావు!"

"ముందు మీరు మానేశారు!"

హాలు రెండు పక్షాలైంది. అంకుల్ గంజి ఆంటీ పక్షం, తను ముందే మానేశాడు గనక. ఎవరు ముందని పెద్ద రగడ. నేను సర్దిచెప్పబోతే మా కరీంనగర్ పిల్ల నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపేసింది. ఆ పిల్ల కళ్ళు మెరిసిపోతున్నాయి.

"మేడమ్, ఇద్దరిది కరెక్టే! ఇద్దరిది కరెక్టే!"

మోకాళ్ళ మీద కూర్చుని టేపు లాగింది. 'బాక్సు తీసుకునేవాళ్ళు' పెరిగితే 'పొద్దుటి బేరం' తగ్గింది. బేరం తగ్గితే 'దుకాణం తెరవడం' తగ్గింది. దుకాణం మూస్తే అంతవరకూ అక్కడ తినేవాళ్ళు కూడా... ఆ పిల్ల టేపు లాక్కుంటూ నేల మీద పాకుతోంది, మేమంతా పక్కకి తప్పుకుంటున్నాం. బాణం ఎటు పోతోందో నాకు సగం దూరంలోనే తెలిసిపోయింది. "ఓరి నాయనో!" అని పైకే అరిచేశాను. ఆ బాణం గుండ్రంగా తిరిగి మళ్ళీ మా బాక్సు మూత దగ్గరికే వచ్చి ఆగింది.

బాక్సుకి జనం పెరిగితే దుకాణం మూతపడుతుంది. మూతపడితే బాక్సుకి ఇంకా జనం పెరుగుతారు. తెర మీద పైకి పాకే గీత చూసి మేం బల్లలు చరిచామే, అది మేం గెలుస్తున్నామని కాదు, ఆ వలయం తిరుగుతోందని! బాక్సు పెద్దది చేసినా, రెండోది ఇచ్చినా అది ఇంకా జోరుగా తిరిగేది. బాక్సుకి జనం పెరిగారన్న మేడమ్ మాట నిజం, తిండి చాలడం లేదన్న నా మాట నిజం, గంజి ఆంటీ సరిగ్గా చెప్పింది, అవ్వ సరిగ్గా చెప్పింది. ఎవరి ముక్క వాళ్ళ దగ్గరే ఉంటే అందరం పప్పులో కాలేశాం. ముక్కలన్నీ నేల మీద పెడితే గుండ్రం కనబడింది. పిల్లలూ, అంత ఆనందం నాకు పరీక్ష పాసైనప్పుడు కూడా కలగలేదు. నవ్వుతున్నాను, ఆ పిల్లని వాటేసుకున్నాను. మేడమ్ మూతల మధ్య నిలబడి, బాణాల వెంట వేలు తిప్పుతూ ఒక చుట్టు చూసింది.

"సరే, మరి ఈ చక్రాన్ని వెనక్కి తిప్పగలమా?" అంది చివరికి.

మా మాట ఇది. నడవలేనివాళ్ళకి బాక్సు గుమ్మం దగ్గరికే వెళ్ళాలి. నడవగలిగినవాళ్ళకి బాక్సు బదులు ఒక కార్డు. పొద్దున్న హాకర్ సెంటర్‌లో ఏ దుకాణంలో చూపించినా అక్కడ కూర్చుని తినచ్చు, ఒక పొట్లం కట్టించుకోవచ్చు. మేడమ్ తలూపింది. కానీ అంకుల్ కూతురు ఒప్పుకోలేదు.

"వెయిట్, వెయిట్. ఉన్న ఒక్క హాట్ మీల్ తీసేస్తారా? రివ్యూ ముందు? ఆయన వెళ్ళకపోతే? బ్రిడ్జి మీద పడితే? మీకిది ప్రాజెక్ట్ ఆంటీ, నాకు ఫాదర్."

ఆ మాట నాకు తగలాల్సిన చోట తగిలింది. "అమ్మా, బాక్సు ఉండగానే తగ్గుతున్నాడు కదా. అలాగే ఉంచితే రివ్యూలో ఏమవుతుందో మనిద్దరికీ తెలుసు. మార్చి చూద్దాం. రోజూ పొద్దున్న నేనే వచ్చి చూస్తాను" అన్నాను. ఆవిడ తండ్రి వైపు చూసింది. "బోలే, బోలే" అన్నాడాయన, వెళ్ళగలను అని. ఆవిడ బ్యాగు తగిలించుకుని వెళ్ళిపోయింది. అది ఒప్పుకోవడమో కాదో నాకు అర్థం కాలేదు.

సోమవారం నడవగలిగినవాళ్ళకి బాక్సులు మానేసి కార్డులిచ్చాం. అంకుల్ గొడుగు కర్రలా పొడుచుకుంటూ బ్రిడ్జి ఎక్కి దిగి హాకర్ సెంటర్‌కి వెళ్తే గంజి దుకాణం షట్టరు దించి ఉంది! మర్నాడూ అంతే. పక్క దుకాణాల్లో ఒక్కడూ కూర్చుని తినబుద్ధి కాక ఆయన టీ తాగి ఇంటికొచ్చేశాడు. పరిగెత్తుకుంటూ గంజి ఆంటీ దగ్గరికి పోతే ఆవిడ నెమ్మదిగా, "జనం వస్తే తీస్తాను లా. తెల్లారకుండా లేచి గంజి కాచి ఎవరికి పొయ్యను?" అంది. జనమేమో తీస్తే వస్తామంటున్నారు.

కరీంనగర్ పిల్ల తల పట్టుకుంది. "మేడమ్, గా దుకాణం బాణం మీద రెండు అడ్డగీతలు పెట్టిన గుర్తుందా? అంటే ఆలస్యమైతది అని. బాక్స్ ఒక్క దినంల పోతది, దుకాణం ఒక్క దినంల రాదు."

"ఆ అడ్డగీతలు అందం కోసం పెట్టావనుకున్నానే!"

"అందం కోసమా మేడమ్!" అని ఆ పిల్ల ఏడవలేక నవ్వింది.

ఆలస్యాన్ని ఎవరు భరించాలి? ముసలాయన భరించలేడు. మరి? మేమే భరించాలి! ఆ ఆలోచన ఎవరికి ముందు వచ్చిందో గుర్తులేదు, ఇద్దరం ఒకేసారి మేడమ్ గదిలోకి పడ్డాం. చక్రం తిరగాలంటే మొదట ఎవరో ఒకరు తొయ్యాలి. ఆ జనం మేమే ఎందుకు కాకూడదు? మేడమ్ కాసేపు చూసి, "అంటే మన ఆఫీసంతా రోజూ పొద్దున్న వెళ్ళి గంజి తాగాలా?" అంది. అవునన్నాం. "కెన్ లా" అంది, సరే చేద్దాం అని.

ఇక చూడండి సంబడం! పొద్దుటి సమావేశాలన్నీ హాకర్ సెంటర్‌కి మారాయి. మేడమ్ స్వయంగా ముందొచ్చి టిష్యూ ప్యాకెట్లు పెట్టి బల్లలు చోప్ చేసేది. లెక్కలవాళ్ళు, కంప్యూటర్లవాళ్ళు, ఇంటినించి ఇడ్లీ తెచ్చుకునేవాళ్ళు, అందరూ గంజే. గంజి ఆంటీ మొదటిరోజు అనుమానంగా షట్టరు సగమే ఎత్తింది. మా వరస చూసి మొత్తం ఎత్తింది. నేను మాత్రం అంకుల్‌ని ఇంటిదగ్గర్నుంచి తీసుకొచ్చి కూర్చోబెట్టేదాన్ని. కొన్నాళ్ళకి ఆయన పాత బల్లవాళ్ళు ఒక్కొక్కళ్ళే వచ్చారు. వాళ్ళని చూసి ఇంకొందరు వచ్చారు. ఒకరోజు వెళ్తే మాకు కూర్చోడానికి చోటు లేదు! నిలబడి గంజి తాగుతూ నేనూ ఆ పిల్లా ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం. మేడమ్ గిన్నె పక్కన పెట్టి, "ఇక మనం తప్పుకోవచ్చు లా" అంది. మర్నాటినించి మేం వెళ్ళలేదు. దుకాణం తెరిచే ఉంది.

కానీ రివ్యూకి వ్యవధి తక్కువ. జనం తిరిగొచ్చారన్నది మా సంతోషం, ఆయన ఒంటికి పట్టిందా లేదా అన్నది వేరే సంగతి. ఆ రోజు నేనూ పాలీక్లినిక్‌కి వెళ్ళాను, నన్నెవరూ పిలవకపోయినా. కూతురు సెలవు పెట్టి వచ్చింది. నర్సింగ్ హోమ్‌వాళ్ళు మంచం ఖాళీ అయిందని, ఆ రోజే ఏదో ఒకటి చెప్పమని ఫోన్ చేశారట. అంకుల్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, కూతురివైపు గానీ నావైపు గానీ చూడకుండా బిగుసుకుని కూర్చున్నాడు. నేనెన్నో బరువులు తూచాను గానీ బరువు చూసే యంత్రమంటే భయపడింది ఆ ఒక్కసారే.

నర్సు తూచింది. డాక్టరు కంప్యూటర్లో వెనకటి అంకె చూసి, కొత్త అంకె చూసి, మళ్ళీ తూచమంది. పెరిగింది! పెద్దగా కాదు, కానీ పెరిగింది. కాళ్ళలో పట్టు చూడడానికి కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోమంది. అంకుల్ లేచాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు, ఆపమనేదాకా లేస్తూనే ఉన్నాడు. "ఇంటిదగ్గరే ఉండచ్చు" అంది డాక్టరు. నేను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను.

బయటికొచ్చాక అంకుల్ ఆగలేదు. "పాపా, బస్సు వస్తుంది, నేను పోతాను. బల్ల దగ్గర వాళ్ళు ముగ్గురూ తినకుండా కూర్చున్నారు" అని మాతో ఒక్క ముక్క కూడా మాట్లాడనివ్వకుండా గబగబా స్టాప్ వైపు నడిచాడు. మేమిద్దరం వరండాలో ఆయన వెనకే చూస్తూ నిలబడిపోయాం.

కూతురు ఫోన్ తీసింది. అవతల నర్సింగ్ హోమ్‌వాళ్ళు. తండ్రి ఎక్కిన బస్సు కదిలేదాకా చూసి ఇంగ్లీషులో మొదలుపెట్టింది.

"సారీ, ఆ బెడ్ ఇంకెవరికైనా ఇచ్చేయండి" అంది. "మా నాన్నకి తీరిక లేదు."